కోటిపల్లి లైను మీద బస్సు: కాకినాడ నుంచి నరసాపురం దాకా

కాకినాడ నుంచి అమలాపురం పోవాలంటే ఇవాళ ఎవరైనా యానాం బస్సే ఎక్కుతారు. 2002లో ఎదుర్లంక దగ్గర గోదావరి పాయ గౌతమి మీద బాలయోగి వారధి తెరిచాక ఒకే బస్సులో కూర్చుని అమలాపురంలో దిగొచ్చు. రేవు గొడవ లేదు, నది దాటించే పంటు (బల్లకట్టు) కోసం ఎదురుచూపులు లేవు. తొందర ఉన్నవాళ్లకు అదే దారి. ఇక్కడ రాస్తున్నది తొందర లేనివాళ్లకు.

1920ల చివర్లో కాకినాడ నుంచి గౌతమి ఒడ్డున కోటిపల్లి దాకా 45 కిలోమీటర్ల రైలు మార్గం పడింది. పుష్కరకాలం నడిచేసరికి రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. 1940లో యుద్ధ అవసరాలకంటూ పట్టాలు పీకి పట్టుకుపోయారు. కట్ట మిగిలింది, రైలు పోయింది. 2004లో మళ్లీ పట్టాలు పడేదాకా, అంటే అరవై నాలుగేళ్లపాటు, ఈ ఊళ్లవాళ్లని సంతకీ కోర్టుకీ కాలేజీకీ ఆసుపత్రికీ చేరవేసింది బస్సే. నగరాల్లో ట్రాం తీసేసిన వీధిలో సిటీ బస్సు తిరిగినట్టే ఇదీను. మన పెద్దలు ట్రాం చూసింది ఎక్కువగా మద్రాసులో. 1895లో మొదలైన ఆ ట్రాములు 1953 ఏప్రిల్లో ఆగిపోయాయి. డెల్టాలో ట్రాం ఎప్పుడూ లేదు. ఊరూరా ఆగుతూ పోయే ఆ పని ఇక్కడ బ్రాంచి రైలు చేసింది, దాని తర్వాత బస్సు చేసింది.

కోటిపల్లి దగ్గర రైలు ఆగిపోవడానికి కారణం నది. బస్సూ అక్కడే ఆగిపోతుంది. అవతల ముక్తేశ్వరం, అమలాపురం, పి.గన్నవరం, రాజోలు, ఆఖరున గోదావరి మరో పాయ వశిష్ఠ దాటితే నరసాపురం. కోటిపల్లి–నరసాపురం రైలు మార్గం కడితే పోయేది ఇంచుమించు ఈ దిక్కునే. అందుకే ఈ ప్రయాణాన్ని కోటిపల్లిలో ఆపకుండా నరసాపురం దాకా సాగదీశాం.

బయల్దేరే ముందు నెల చూసుకోండి. డిసెంబరు ఆఖరు నుంచి ఫిబ్రవరి దాకా అన్నిటికంటే మేలు. నది నెమ్మదిగా ఉంటుంది, ఎండ ముదరదు. జులై నుంచి సెప్టెంబరు దాకా వరద ఎప్పుడొస్తుందో చెప్పలేం, పంటు ఉంటుందన్న నమ్మకం ఉండదు. ఏప్రిల్, మే నెలల్లో కాలువలు కట్టేసి మరమ్మతులు చేస్తారు. తూములూ వంతెనలూ బాగుచేసే చోట గట్టు రోడ్డు తవ్వేసి ఉంటే బస్సు చుట్టు తిరిగి పోతుంది. నవంబరులో సార్వా (వానాకాలపు వరి) మాసూళ్లు, అంటే కోతలూ నూర్పిళ్లూ, మొదలైతే రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు. దాళ్వా (రెండో పంట) ధాన్యం ఏప్రిల్లో మళ్లీ రోడ్డెక్కుతుంది. సగం రోడ్డు ధాన్యానికి, మిగతా సగం ఎదురొచ్చే ట్రాక్టర్లకు పోతుంది. ఆ రోజుల్లో బస్సు చెప్పిన వేళకు చేరదు, మనమూ అడక్కూడదు.

మొదటి రోజు: కాకినాడ – రామచంద్రపురం – ద్రాక్షారామం

బస్సెక్కే ముందు పొద్దున్నే ఇంద్రపాలెం లాకుల దగ్గరికి ఒకసారి వెళ్లి రండి. ఊరి అంచునే ఉన్నాయి, ఆటోలో వెళ్లొచ్చు. ఈ దారిలో రైలు కంటే ముందున్నది పడవ. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఆర్థర్ కాటన్ తవ్వించిన ప్రధాన కాలువలు సాగునీటికి ఎంతో పడవలకీ అంతే. లాకు పని ఇలా ఉంటుంది. కాలువలో నీటిమట్టం ఒక్కసారిగా దిగే చోట రెండు జతల తలుపులతో మధ్యలో ఒక తొట్టి కడతారు. పై నుంచి పడవ తొట్టిలోకి రాగానే వెనక తలుపులు మూస్తారు. కింది తలుపుల్లో ఉన్న చిన్న తూములు లేపితే తొట్టిలో నీరు నెమ్మదిగా దిగుతుంది. రెండు వైపులా మట్టం సమమయ్యాకే కింది తలుపులు తెరుచుకుంటాయి, అంతకుముందు ఎంత తోసినా కదలవు. తలుపులు మూసుకున్నప్పుడు నీరు ఎక్కువున్న వైపుకి కోణంగా కలుస్తాయి. నీటి ఒత్తిడే వాటిని ఇంకా బిగిస్తుంది.

ఈ పడవల వల్ల డెల్టా రోడ్లకు వచ్చిన తిప్పలొకటి ఇప్పటికీ కనిపిస్తుంది. పడవ కిందనుంచి పోవాలి కాబట్టి పాత కాలువ వంతెనలు రోడ్డు మట్టానికి ఎత్తుగా, నడుం వంచినట్టు ఉంటాయి. నేలంతా చదునే అయినా బస్సు ఊరికో చోట ఎక్కి దిగుతుంది. పట్టాలు పీకేసిన యుద్ధకాలంలో ఈ ఎక్కుడు పెద్ద గండం. మద్రాసు ప్రెసిడెన్సీ అంతటా పెట్రోలుకి కోటా పెట్టారు, బస్సులు బొగ్గు గ్యాసుకి మారాయి. బస్సు వెనక నిలువెత్తు ఇనప డ్రమ్ములో బొగ్గు నింపి కింద నిప్పు పెట్టేవారు. క్లీనరు చేత్తో బ్లోయరు తిప్పుతూ కూర్చుంటే కాసేపటికి మండే గ్యాసు తయారయ్యేది. అది జల్లెడ పెట్టెల్లో బూడిద వదిలించుకుని, గొట్టంలో చల్లబడి ఇంజనులోకి చేరేది. పెట్రోలుతో వచ్చే బలంలో మూడో వంతైనా తగ్గిపోయేది. జల్లెడ మూసుకుపోయినా, బొగ్గు తడిసినా బండి మొరాయించేది. నిండు బస్సు వంతెన ఎక్కలేకపోతే జనం దిగి నడిచి అవతల ఎక్కేవారు. రైలు తీసేసి బస్సు చూసుకోమన్నప్పుడు జనానికి దక్కిన బస్సు ఇది.

కాకినాడ ఆర్టీసీ కాంప్లెక్స్‌లో ‘రామచంద్రపురం’ బోర్డున్న పల్లెవెలుగు ఎక్కండి. నేరుగా కోటిపల్లి బస్సు దొరికితే సంతోషమే కానీ దానికోసం కాచుకు కూర్చోనక్కర్లేదు. రామచంద్రపురంలో మారితే ద్రాక్షారామానికి బస్సులూ ఆటోలూ తేలిగ్గా దొరుకుతాయి. 2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేదు. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపిస్తే కండక్టరు సున్నా టికెట్టు కొట్టి ఇస్తారు. టికెట్టు మాత్రం తీసుకోవాల్సిందే. అప్పటినుంచి పొద్దుటి బస్సుల్లో సీటు దొరకడం కష్టమైంది. కాలేజీ పిల్లలు దిగిపోయాక, పది దాటాక ఎక్కితే కిటికీ పక్కన కూర్చోవచ్చు.

రైలు కట్ట కనిపెట్టడం తేలికే. రోడ్డు చెరువుకీ గుడికీ మర్రిచెట్టుకీ దారిస్తూ మెలికలు తిరుగుతుంది. కట్ట మాత్రం చేల మధ్య గీత గీసినట్టు పోతుంది, వరి మడి కంటే ఎత్తుగా ఉంటుంది, నీరు పారడానికి అక్కడక్కడ తూములు ఉంటాయి. కరప, వేళంగి లాంటి ఊళ్లకు బస్టాపూ ఉంది, స్టేషనూ ఉంది. రెండూ ఒకచోట లేవు. రైలుకి మలుపు కష్టం కాబట్టి ఊరి పక్కనుంచి పోతుంది, బస్సు ఊరి నడిబొడ్డున ఆగుతుంది. ఆ అరవై నాలుగేళ్లలో కొట్లు, హోటళ్లు, వైద్యుడి గది అన్నీ బస్టాపు చుట్టూ పెరిగాయి. 2004లో రైలు తిరిగొచ్చేసరికి స్టేషను ఊరికి దూరపు చుట్టమైపోయింది. ఈ లైను మీద రైల్‌బస్సు నడిపారు: ఒకే పెట్టె, అందులోనే డీజిలు ఇంజను. చార్జీ తక్కువే. అయినా బస్సు దిగి రెండడుగులేస్తే బజారుండగా స్టేషను నుంచి నడిచేదెవరు? రైల్‌బస్సుకి జనం చాలకపోవడానికి అసలు కారణం ఇదేనని మా ఉద్దేశం. 2020 లాక్‌డౌన్‌లో దేశంలోని ప్యాసింజరు రైళ్లతోపాటు అదీ ఆగింది. రైలు మీద ఆశ పెట్టుకుని బయల్దేరకండి. కావాలంటే కాకినాడ టౌన్ స్టేషన్లో ముందురోజే అడగండి.

కట్టకీ రోడ్డుకీ ఒకే శత్రువు, డెల్టా నల్లమట్టి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే చెయ్యి పట్టేంత బీటలిస్తుంది. రోడ్డయితే తారు అలల్లా లేస్తుంది, అంచులు విరిగి కాలువలోకి జారుతాయి. రైలు కట్టయితే ఒక పట్టా రెండో దానికంటే దిగుతుంది, కంకర మట్టిలోకి కూరుకుపోతుంది, వేగం తగ్గించక తప్పదు. గట్టు రోడ్డు మీద ఎదురు బస్సు వస్తే మన డ్రైవరు కాలువ వైపు చక్రాన్ని మట్టిలోకి దించకుండా, వెడల్పున్న చోట ముందే ఆపేసి అవతలి బండిని పోనిస్తాడు. వానల్లో ఆ అంచు మీద చక్రం దించాడంటే బస్సు లాగడానికి ట్రాక్టరు కావాలి.

రామచంద్రపురం కాకినాడకు సుమారు 30 కిలోమీటర్లు. భోజనం ఇక్కడే చేసెయ్యండి, రాత్రికి గది కూడా ఇక్కడే చూసుకోండి. లాడ్జీల్లో ద్రాక్షారామం కంటే ఇక్కడే ఎంపిక ఎక్కువ. సాయంత్రం ఆరేడు కిలోమీటర్ల దూరంలో ఉన్న ద్రాక్షారామం వెళ్లి రావచ్చు. మధ్యాహ్నం గుడి మూసేస్తారు కాబట్టి ఎండవేళ వెళ్లి ప్రయోజనం లేదు. పంచారామాల్లో ఒకటైన ఈ భీమేశ్వరుడి గర్భగుడి రెండంతస్తులు. లింగం కింది అంతస్తులో మొదలై పై అంతస్తులోకి లేస్తుంది, అభిషేకం పైన జరుగుతుంది. కింద దర్శనం చేసుకుని అయిపోయిందనుకుని వెళ్లిపోయేవాళ్లుంటారు, మెట్లెక్కండి. పక్కనే మాణిక్యాంబ అమ్మవారు. ప్రాకారాల మీదా స్తంభాల మీదా వందల శాసనాలున్నాయి. సాయంత్రపు ఏటవాలు వెలుగులో అక్షరాలు బాగా కనిపిస్తాయి.

రెండో రోజు: కోటిపల్లి రేవు – ముక్తేశ్వరం – అమలాపురం

ద్రాక్షారామం నుంచి కోటిపల్లి పది పన్నెండు కిలోమీటర్లు. తెల్లారగట్ల బయల్దేరితే రేవులో రద్దీ తక్కువ. కార్తీక సోమవారాలు, మహాశివరాత్రి నాడు మాత్రం తెల్లారగట్లే జనం కిక్కిరిసి ఉంటారు. నది స్నానానికీ సోమేశ్వరుడి గుడికీ వచ్చేవాళ్లతో రేవు నిండిపోతుంది. ఆ రోజుల్లో పంటు మీద బండి ఎక్కించాలనుకోవద్దు.

బస్సు ఆగే చోటు నుంచి రేవుకి నడిచేటప్పుడు నదిలో వరసగా నిలబడ్డ స్తంభాలు చూడండి. కోటిపల్లి–నరసాపురం లైను వంతెనవి అవి. 57 కిలోమీటర్ల ఈ లైను 2000–01లో మంజూరైంది. అప్పుడు లోక్‌సభ స్పీకరుగా ఉన్న అమలాపురం ఎంపీ జి.ఎం.సి. బాలయోగి పట్టుబట్టి తెచ్చారు. 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టరు కూలి ఆయన చనిపోయారు. తర్వాత పని ఎందుకు ఈడ్చుకుపోయిందో మ్యాపు చూస్తేనే సగం తెలుస్తుంది. 57 కిలోమీటర్లలో గౌతమి, వైనతేయ, వశిష్ఠ అని మూడు పాయలు దాటాలి. నది అడుగున ఇసుకా ఒండ్రూ తప్ప రాయి తగలదు, పునాది చాలా లోతుకి దించాలి. పని చేయనిచ్చేది వరద లేని నెలల్లోనే. దానికి తోడు కోనసీమ కొబ్బరితోటల్లో భూసేకరణ, ఖర్చులో నాలుగో వంతు రాష్ట్రం భరించాలన్న పద్ధతి. రెండు దశాబ్దాలు దాటినా అవతలి ఒడ్డుకి చేర్చేది ఇంకా పంటే.

పంటు తెలియనివాళ్ల కోసం: రెండు పెద్ద నావల్ని పక్కపక్కన పెట్టి, పైన దుంగలు అడ్డంగా కట్టి, పలకలు పరిచిన బల్లకట్టు. ఇంజనుతో నడుస్తుంది. రేవులో మట్టి ఒడ్డుకీ పంటుకీ మధ్య మందపాటి చెక్కలు వేస్తారు, బండి దాని మీదుగా ఎక్కాలి. ఎక్కించడంలో ఒక వరస ఉంది. ముందు కార్లూ ఆటోలూ, అవి నడిమిలో నిలబడాలి. తర్వాత మోటారుసైకిళ్లు రెండు వైపులా సమంగా. మనుషులు ఆఖరున. బరువు ఒక పక్కకి పడితే ఆ వైపు నావ దిగి రెండోది లేస్తుంది, మధ్య దుంగల కట్లు వదులవుతాయి. పంటు నడిపే సరంగు ‘కొంచెం ఇటు జరపండి’ అంటే అది మర్యాదకు అన్న మాట కాదు, జరపాల్సిందే.

కారు నడిపేవాళ్లు పొరబడేది చెక్కల దగ్గర. ఒక చక్రం చెక్క మీదకి ఎక్కగానే భయంతో బ్రేకు వేస్తారు. చెక్క వెనక్కి జారుతుంది, ముందు చక్రాలు పంటు అంచుకీ చెక్కకీ మధ్య పడతాయి. మొదటి గేరులో, ఆపకుండా, నిదానంగా ఎక్కించాలి. పైకెక్కాక హ్యాండ్‌బ్రేకు వేసి, గేరులో ఉంచి, చక్రాల కింద రాయి పెట్టించండి. బండిలో కూర్చునే నది దాటకండి, దిగి నిలబడండి. మోటారుసైకిల్ సైడు స్టాండు మీద వదిలితే ఒడ్డుకి తగిలిన కుదుపుకి పక్క బండి మీద పడుతుంది. సెంటర్ స్టాండు వేసి పట్టుకుని ఉండాలి. చిల్లర ముందే తీసి పెట్టుకోండి, చార్జీ పాటదారు మనిషి ఒడ్డున కానీ నడిమిలో కానీ వసూలు చేస్తాడు. రేవు నిర్వహణ హక్కు ఏటా వేలంలో ఇస్తారు కాబట్టి రేట్లు మారుతుంటాయి, బోర్డు చూడండి.

ఎండాకాలంలో నదిలో ఇసుక మేటలు తేలతాయి. దూరం కొద్దిగానే కనిపిస్తుంది కానీ పంటు మేట చుట్టూ తిరిగి లోతున్న పాయ పట్టుకుని పోతుంది. నీరు మరీ తగ్గితే నడిమిలో ఇసుక పట్టేస్తుంది. కళాసీలు గెడలతో తోస్తారు, కొందరు నీళ్లలోకి దిగుతారు. అలాంటప్పుడు జనమంతా ఒక పక్కకి పరుగెత్తి చూడకూడదు. వరదలో ఇంకో రకం ప్రమాదం, స్తంభాల చుట్టూ నీరు సుడి తిరుగుతుంది. 2018 జులైలో పశువుల్లంక దగ్గర నాటుపడవ ఒకటి కడుతున్న వంతెన స్తంభానికి తగిలి బోల్తా పడింది. లైఫ్ జాకెట్ ఇస్తే చేతిలో పట్టుకోకండి, వేసుకుని తాళ్లు కట్టుకోండి. నిండిపోయిన పంటు ఎక్కకండి, తర్వాతది వస్తుంది.

వానాకాలంలో వెళ్లేవాళ్లు ధవళేశ్వరం నీటిమట్టం చూసుకోవాలి. 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటిది అంటే బ్యారేజీ నుంచి ఇంచుమించు 10 లక్షల క్యూసెక్కులు వదులుతున్నారని అర్థం. హెచ్చరిక వచ్చాక కోటిపల్లికి వెళ్లి చూద్దాం అనుకోవడం డబ్బు దండగ, రేవు ఆపేసే ఉంటారు. ద్రాక్షారామం నుంచే వెనక్కి తిరిగి యానాం మీదుగా ఎదుర్లంక వారధి ఎక్కాలి. హెచ్చరిక ఎత్తేసిన మర్నాడే పంటు మొదలవుతుందనీ అనుకోకండి. వరద తీశాక రేవులో మోకాలి లోతు ఒండ్రు మిగులుతుంది, దాన్ని తీసి దారి వెయ్యాలి.

ముక్తేశ్వరం రేవులో దిగాక ఆటోలు వరసగా ఉంటాయి. అయినవిల్లి సిద్ధివినాయకుణ్ణి చూడాలంటే ముందే చెప్పి మాట్లాడుకోండి. అమలాపురంలో బస, భోజనం దేనికీ కొరత లేదు. ఈ ఒడ్డున కనిపించే కొబ్బరి చెట్లలో చాలావాటి వయసు దాదాపు ఒక్కటే. 1996 నవంబరు 6 తుపాను కోనసీమలో తోటలకు తోటలు పడగొట్టింది, ఆ తర్వాత నాటినవి ఇవి.

మూడో రోజు: అంబాజీపేట – గన్నవరం – రాజోలు – నరసాపురం

అమలాపురంలో టిఫిను తినకండి. అంబాజీపేట దాకా ఆగితే పొట్టిక్కలు దొరుకుతాయి. నాలుగు పనసాకుల్ని ఈనె పుల్లలతో గుచ్చి బుట్ట చేసి, ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. ఆకు పసరు వాసన పిండికి పడుతుంది. పొద్దున పెందలాడే అయిపోతాయి, తొమ్మిది దాటితే మామూలు ఇడ్లీతో సరిపెట్టుకోవాలి. కొబ్బరికాయల మార్కెట్టూ ఇక్కడే.

పి.గన్నవరంలో బస్సు దిగండి. వైనతేయ మీద అక్విడక్టు ఉంది: కింద నది, పైన కాలువ. ఆనకట్ట కట్టిన కొత్తలోనే, 1850ల్లో, 49 కమానులతో కట్టారు. నది అవతలి లంక భూములకు సాగునీరు దీని మీదుగానే వెళ్లింది. పాతదాని పక్కనే కట్టిన కొత్త అక్విడక్టు 2000లో తెరిచారు. దానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. లంకల గన్నవరంలో వేళకాని వేళ వచ్చినవాళ్లకూ అన్నం పెట్టిన ఆవిడ 1909లో పోయారు. పాత కమానులు బాగా కనపడాలంటే రోడ్డు మీద నిలబడితే లాభం లేదు, గట్టు దిగి నది వైపు నుంచి చూడాలి. చెప్పులకు బురద అంటుతుంది, అంతే.

అక్కడినుంచి తాటిపాక సెంటరు, రాజోలు. రాజోలులో రెండు దారులు చీలతాయి. శివకోడు, దిండి మీదుగా చించినాడ వంతెన ఎక్కి పాలకొల్లు పోవడం ఒకటి. ఇది 216 జాతీయ రహదారి, బస్సులు ఎక్కువ, నది పని ఉండదు. రెండోది మలికిపురం, సఖినేటిపల్లి రేవు, పంటు మీద వశిష్ఠ దాటితే నరసాపురం. సామాను ఎక్కువున్నా చీకటి పడుతున్నా మొదటిదే పట్టుకోండి.

సఖినేటిపల్లి రేవు కోటిపల్లి లాంటిది కాదు. సముద్రం దగ్గర, పోటూ పాటూ ఇక్కడ బాగా తెలుస్తాయి. పాటు సమయంలో ఒడ్డు బురద బయటపడి చెక్కలు నిటారుగా దిగుతాయి, కారు అడుగు భాగం రాసుకుంటుంది. పోటు మీద ఉన్నప్పుడు ఎక్కించడం నయం. అమావాస్యకీ పౌర్ణమికీ ఈ తేడా మరీ ఎక్కువ. అంతర్వేది తీర్థం రోజుల్లో, అంటే మాఘమాసంలో భీష్మ ఏకాదశి ముందూ వెనకా, రెండు ఒడ్డులా బండ్ల బారు ఉంటుంది. అప్పుడు చించినాడ వంతెనే గతి.

నరసాపురంలో స్టేషను బజారుకి దూరం కాదు. భీమవరం మీదుగా విజయవాడకు రైళ్లున్నాయి, హైదరాబాదుకి రాత్రి బండి కూడా ఉంది. తిరిగి కాకినాడ పోయేవాళ్లు పాలకొల్లు చేరి చించినాడ, రాజోలు, అమలాపురం, యానాం మీదుగా వెళ్లే బస్సు చూసుకోండి. ఆ దారిలో పంటు ఎక్కే పనే లేదు. చీకటి పడ్డాక ఆ వైపు బస్సులు పలచబడతాయి కాబట్టి సాయంత్రం నాలుగింటికల్లా పాలకొల్లు బస్టాండులో ఉండండి.